పిడి ఎటువైపు

ఊళ్ళో దాన్ని రెండో బడి అంటారు. మొదటి బడి గెంటేసినవాళ్ళు, మొదటి బడికి తామే దణ్ణం పెట్టేసినవాళ్ళు, అంతా కలిపి పదహారు మంది. పొద్దున లెక్కలూ చదువూ రాతా, మధ్యాహ్నం వంట. ఆ పిల్లల గురించి బయట వినిపించే మాటల్లో సగం ఒక్కసారి కూడా ఆ గేటు దాటనివాళ్ళవే, కాబట్టి వాటిని పక్కన పెట్టేయొచ్చు.

వంట నేర్పే ఆవిడ ఇరవై రెండేళ్ళు ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో గరిటె తిప్పి వచ్చిన మనిషి. పిల్లలు వంటక్క అంటారు. మాట కరుకు, మోకాళ్ళు నొప్పులు. వెనక్కి తిరిగి చూడకుండానే ఏ గిన్నె అడుగంటుతోందో చెప్పేస్తుంది.

ఆ పదహారు మందిలో ఒక పిల్లకు అక్కడ పెట్టిన పేరు ట్రాఫిక్ పోలీసు. పదహారేళ్ళది. చేరిన మొదటి నెలంతా పొయ్యి ముట్టలేదు. ఉల్లిపాయలు తరిగేది, దుంపలకు చెక్కు తీసేది, మిగతా సమయమంతా ఎనిమిది పొయ్యిల మధ్య తిరుగుతూ అందరి గిన్నెల పిడులూ గోడవైపుకు తిప్పేది. గిన్నె దగ్గర మనిషి నిలబడి ఉన్నా సరే, మధ్యలో చెయ్యి దూర్చి మరీ తిప్పేది.

"లైసెన్సు చూపించమంటారా మేడం?" అనేవాడు పొడుగోడు. వాడికి ఎప్పుడూ వెటకారమే.

ఆమె నవ్వేది కాదు. నీళ్ళు మరగడం మొదలైతే చాలు, ఎడమ పక్క చొక్కా అంచును ఎవరో పట్టుకుని లాగినట్టుండేది. నడుము కంటే చాలా కిందినుంచి "నాక్కూడా" అని వినబడేది. తమ్ముడు బుడ్డోడికి వచ్చిన నాలుగు మాటల్లో వాడికి బాగా నచ్చిన మాట అది.

వాడు పోయి ఐదేళ్ళు. అప్పుడు వాడికి మూడేళ్ళు, ఆమెకు పదకొండు. ఇంట్లో పొయ్యి గట్టుకు ఎడమ చివరన ఉండేది, దాన్ని ఆనుకునే హాల్లోకి గుమ్మం. కుడివైపంతా గట్టు, ఆ చివర సింకు. ఆ రోజు దుంపలు ఉడుకుతున్నాయి. "కాస్త చూస్తూ ఉండవే" అంది అమ్మ. ఆమె కలుపుతూ నిలబడింది. తర్వాత అమ్మ వచ్చి, వెనక గదిలోంచి ఉప్పు తెమ్మంది. అంతలో వీధి తలుపు చప్పుడైంది, అమ్మ అటు వెళ్ళింది. ఆమె ఉప్పు డబ్బా కోసం వెతుకుతుండగా వంటగదిలో గిన్నె పడ్డ చప్పుడు. పరిగెత్తుకొచ్చేసరికి గిన్నె గుమ్మంలో బోర్లా పడి ఉంది. మూడో రోజు ఆసుపత్రిలో బుడ్డోడు పోయాడు.

పిడి గుమ్మంవైపుకి పెట్టిందెవరు అని నాన్న అడిగాడు. "దాన్నే చూస్తుండమన్నాను" అంది అమ్మ. అంతకుమించి ఇంకో మాట ఎవరూ అనలేదు, అవసరం కూడా రాలేదు. ఆ రోజు నుంచి నాన్న ఆమెతో మాట్లాడలేదు. ఒకే బల్ల దగ్గర కూర్చుని "దాన్ని తినమను", "దాన్ని ఆ లైటు ఆర్పమను" అని అమ్మతో చెప్పేవాడు. ఉన్న మనిషినే లేనట్టు చూడటంలో ఆయనకు చెయ్యి తిరిగిపోయింది.

గిన్నెను ఆఖరున కలిపింది తనా అమ్మా అన్నది ఆమెకు ఎంత తల బద్దలు కొట్టుకున్నా గుర్తు రాదు. అమ్మ అందంటే తనే అయ్యుంటుంది. రెండు బడులు మారింది, రెండింటిలోనూ కూర్చోలేకపోయింది. ఆమెకు కావలసింది ఒక్కటే, నాన్న తనను పిలవాలి. అది జరిగే పని కాదని కూడా ఆమెకు తెలుసు.

వంటక్కకు ఒక పద్ధతి ఉంది. అందరూ పనిలో మునిగి ఉండగా బల్ల మీద చెక్క గరిటెతో టకటకా కొట్టేది.

"తలుపు చప్పుడైంది. పోండి."

చేస్తున్న పని ఎక్కడిదక్కడ వదిలేసి అందరూ గోడ దగ్గరకు పోవాలి. అప్పుడు ఆవిడ కుంటుకుంటూ పొయ్యిలన్నీ చూస్తూ వచ్చేది. బల్ల అంచున వేలాడుతున్న కత్తి, మంట పక్కన గుడ్డ, బయటికి పొడుచుకొచ్చిన పిడి. "వండుతూ ఉంటే ఏమీ కాదర్రా. ఇప్పుడే వస్తా అని వెళ్తారు చూడండి, అప్పుడే కొంప మునుగుతుంది" అనేది.

రెండో నెలలో ఆవిడ ఆ పిల్లను పొయ్యి ముందు నిలబెట్టింది. బతిమాలలేదు, బుజ్జగించలేదు. "ఇవాళ సూపు నువ్వు చెయ్యకపోతే పదహారు మందికీ పచ్చి దుంపలే" అని చెప్పి వెళ్ళిపోయింది. పిల్ల గరిటె పట్టుకుంది. ఎడమ పక్క చొక్కా లాగుతూనే ఉంది. కళ్ళు మూసుకుని కలుపుతుండగా బల్ల మీద చప్పుడైంది. పిడి తిప్పే వ్యవధి లేకుండానే పొడుగోడు ఆమెను గోడవైపుకు లాక్కుపోయాడు.

వంటక్క ఒక్కో పొయ్యీ చూస్తూ వచ్చి, ఆమె గిన్నె దగ్గర ఆగింది.

"ఏడు పిడులు ఎడమకున్నాయి, ఇదొక్కటే కుడికి. నీది పుర్రచేతి వాటమా?"

"కాదక్కా, కుడిచేత్తోనే రాస్తాను."

"రాత బడిలో చెయ్యి మీద కొట్టి నేర్పుంటారు. గరిటె ఎవరూ నేర్పలేదుగా. ఇంతసేపూ ఎడంచేత్తోనే కలిపావు, చూశాను. గరిటె ఒక చేతిలో ఉంటే గిన్నె పట్టుకోడానికి రెండో చెయ్యే కదా. అందుకే అందరి పిడీ ఎడమకుంటే నీది కుడికుంటుంది."

"ఎప్పుడూ ఇంతేనా? చిన్నప్పుడు కూడానా?"

"పుట్టుకతో వచ్చింది ఎక్కడికి పోతుంది?"

పిల్ల మనసులో తన ఇంటి పొయ్యి ముందు నిలబడింది. తను వదిలి వెళ్ళిన గిన్నె అయితే దాని పిడి కుడికి, గట్టు మీదకు, సింకువైపు ఉంటుంది. గుమ్మంలోంచి వచ్చిన మూడేళ్ళవాడి చేతికి అది అందదు. వాడికి అందింది ఎడమవైపు పిడి. ఆ రోజు ఇంట్లో గరిటె పట్టిన కుడిచెయ్యి ఒక్కటే ఉంది.

అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. వంటక్క పొయ్యి ఆర్పి, మోకాళ్ళు పట్టుకుని మూలుగుతూ పక్కనే కూర్చుంది. "నేను కాదురా" అంది పిల్ల, వంటక్కతో కాదు. చొక్కా అంచు వదిలిన జాడ లేదు. వాడికి తప్పు ఎవరిదన్నది పట్టదు, కావలసింది అక్క.

ఇంట్లో ఆమె నోరు విప్పలేదు. అమ్మ వండుతుంటే గుమ్మంలో నిలబడి చూసేది. గరిటె కుడిచేతిలో, పిడి ఎడమచేతిలో. దించేలోపు అమ్మ పిడిని గోడవైపుకు తిప్పేది, రెండడుగులు వేసి మళ్ళీ వచ్చి తిప్పేది, కూర్చున్నాక మళ్ళీ లేచి వెళ్ళి చూసుకునేది. ఐదేళ్ళుగా చూస్తున్నదే, కొడుకు మీద బెంగ అనుకుంది ఇన్నాళ్ళూ. ఇప్పుడు చెబితే అమ్మ బతకదేమోనని భయం. చెప్పకపోతే నాన్న ఎప్పటికీ పిలవడు. మూడు వారాలు ఆ రెంటి మధ్య నలిగిపోయింది.

పిల్లలు వండి ఇంట్లోవాళ్ళకు భోజనం పెట్టే రోజు వచ్చింది. అమ్మ ఒక్కతే వచ్చింది, నాన్నకు పని ఉందట. అందరూ బల్లల దగ్గర కూర్చుంటే అమ్మ మాత్రం కూతురి పొయ్యి దగ్గరకు వచ్చి నిలబడింది. పిల్ల సూపు కలుపుతోంది. ఆవిరి మధ్యలోంచి అమ్మ ఆ చేతిని చూసింది, తర్వాత పిడిని చూసింది, చూస్తూ ఉండిపోయింది.

"ఎప్పట్నుంచి ఎడంచేత్తో కలుపుతున్నావే?"

"ఎప్పుడూ ఇంతేనట."

అమ్మ పిడి మీదకు చెయ్యి చాపి, వెనక్కి తీసుకుంది. "నాకు తెలుసు" అంది.

"ఏం తెలుసు?"

"ఆఖరున కలిపింది నేనే. నిన్ను ఉప్పుకు పంపించాక."

"ఎప్పట్నుంచి తెలుసు?"

"తలుపు తీసి వెనక్కి తిరిగినప్పట్నుంచి."

అమ్మకు తెలియదనే ఆమె ఇన్నాళ్ళూ ఊపిరి బిగబట్టింది. తెలిసే అమ్మ ఐదేళ్ళు నాన్న మాటలు తన దాకా మోసిందన్నమాట, తెలిసే పక్కన కూర్చుని అన్నం పెట్టిందన్నమాట. గిన్నె ఎత్తి నేలకేసి కొట్టాలనిపించింది, కానీ ఆ పని మాత్రం ఆమె ఈ జన్మలో చెయ్యలేదు.

"మీ నాన్న నన్ను వదిలేస్తారనుకున్నానే" అంది అమ్మ. "నువ్వు కూతురివి, చిన్నపిల్లవి. నాలుగు రోజులు కోపంగా ఉండి మరిచిపోతారులే అనుకున్నా."

"మరిచిపోలేదు."

"లేదు."

"నాన్నకు చెప్పు. ఇప్పుడే."

"నువ్వు చెప్పు. నేను కాదనను."

"నేను చెప్పను. ఇన్నాళ్ళూ నీది నేను మోశాను. ఇది నువ్వే చెప్పాలి. నేను పక్కన నిలబడతాను."

పొయ్యి ఆర్పి, అమ్మను గిన్నెలు కడిగే వరండాలోకి తీసుకెళ్ళింది. అమ్మ ఫోన్ చేసింది. నాన్న ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేస్తాడు, మిషన్ చప్పుడు ఫోన్‌లోంచి బయటికి వినిపిస్తోంది.

"ఏమండీ, ఆ రోజు పిడి అటు పెట్టింది నేను. మన పిల్ల కాదు. నాకు తెలిసే నింద దాని మీదకు పోనిచ్చాను."

మిషన్ చప్పుడు ఆగిపోయింది. చాలాసేపటికి అమ్మ ఫోన్ చెవినుంచి తీసి కూతురికి అందించింది. "నీకివ్వమంటున్నారు" అంది, తొట్టి అంచు పట్టుకుని కూలబడింది. పిల్ల ఒక చెయ్యి అమ్మ భుజం మీద వేసింది. క్షమించి కాదు, నిలబడతానని మాటిచ్చింది కాబట్టి.

రెండో చేత్తో ఫోన్ చెవికి ఆనించుకుంది.

"తిన్నావా అమ్మా?" అన్నాడు నాన్న.

"ఇంకా లేదు నాన్నా."

ఆ తర్వాత ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలియలేదు. అయినా ఎవరూ ఫోన్ పెట్టేయలేదు.