రెండు మూడు పీపాలు

జ్వరంతో మంచం మీద పడుకుని ఆఫీసు లెక్కలు ఫోనులో చెప్పడం మావారికి అలవాటు లేదు. తప్పనిసరై ఆ రోజు చెప్పారు.

ఊరికి ఎగువనున్న కొండలో నూనె పట్టిన రాయి ఉంది. ఒక కంపెనీ దాన్ని తవ్వి, కొలిమిలో కాల్చి, నూనె తీస్తామంటోంది. దుమ్ము అణచడానికి, యంత్రాలు చల్లార్చడానికి, కాలిన రాతిపొడి ఎగరకుండా తడపడానికి ఏటి నీళ్లు కావాలి. పీపా నూనెకు ఎన్ని పీపాల నీళ్లు పడతాయో అంచనా కట్టడం నీటిశాఖలో మావారి పని.

"పీపాకి రెండు మూడు," అన్నారు దగ్గు ఆపుకుంటూ.

అవతల టైపిస్టుగారు చాలా జాగ్రత్త గల మనిషి. సొంత తెలివి ఎక్కడా కలపరు. ఫోను నెంబరు రాసుకున్నట్టే ఒకదాని పక్కన ఒకటి రాసుకున్నారు. రెండు, దాని పక్కన మూడు.

నివేదిక ఊళ్లో పంచిన మర్నాడు మా వదినగారు, అంటే మావారి అక్కగారు, దాన్ని పట్టుకుని వచ్చారు. దిగువన ఏటి ఒడ్డున ఆవిడకు మొక్కల నర్సరీ ఉంది. ఎండాకాలంలో ఏరు సన్నగా పారుతుంది. ఆ కాస్తా పైన తోడేస్తే నర్సరీ మూసుకోవలసిందే.

"ఒరేయ్, బంగారంలాంటి లెక్క వేశావురా," అన్నారు కుర్చీ లాక్కుని. "ఇన్నేసి నీళ్లు తాగేవాళ్లకి ఎవరిస్తారు పర్మిషను?"

"ఎన్నని ఉంది?"

"రెండు, మూడు," అన్నారు ఒక్కో అంకె మీద వేలు పెట్టి.

"అంతే. రెండు మూడు."

"నేనూ అదేగా అంటున్నది."

అక్కాతమ్ముళ్లు కాసేపు ఒకే మాట మీద హాయిగా ఉన్నారు. నేను కాగితం తీసుకుని చూశాను.

"ఇక్కడ ఇరవై మూడని ఉందండీ," అన్నాను.

ఆయన లేచి కూర్చున్నారు. "రెండు గానీ మూడు గానీ అక్కా. ఇరవై మూడేమిటి!"

"ఇప్పుడది ఎవరడిగారు?" అన్నారు వదినగారు. "రేపు పర్మిషను తేల్చే సభకి రాకు. జ్వరం మనిషివి, పడుకో."

"వెళ్లి చెప్పాలక్కా."

"చిన్నప్పుడు నీ లెక్కలన్నీ నేను చేసిపెట్టాను. నాకోసం ఒక్క తప్పు లెక్క ఉంచలేవా?"

"నువ్వు చేసినవన్నీ తప్పులే. అందుకేగా నేను నేర్చుకోవలసి వచ్చింది."

మర్నాడు మఫ్లరు చుట్టుకుని వెళ్లారు. ఆయన సవరణ చెప్పగానే సభంతా ఊపిరి పీల్చుకుంది. ఇరవై మూడుకు భయపడి వచ్చినవాళ్లకు మూడు ముద్దొచ్చింది. "ఇంతేనా" అని ఒకరినొకరు చూసుకున్నారు.

"రెండు మూడనేది మాటవరసకి కదండీ," అన్నాడు కంపెనీ మేనేజరు. "రెండని రాసుకుందాం."

"మూడని రాయండి," అన్నారు మావారు. "కొలిమి పాతబడ్డాక మూడే పడుతుంది."

"మూడైనా ఇబ్బంది లేదు," అన్నాడు అధ్యక్షుడు ఉదారంగా. "ఇరవై మిగుల్చుకున్నాం." సంతకానికి పెన్ను తీశాడు.

వెనక వరసలో వదినగారు లేచారు. "ఒరేయ్" అనబోయి, సభ గుర్తొచ్చి ఆగారు. "ఇంజనీరుగారూ, వాళ్లు తీస్తామన్న నూనెకి పీపాకి మూడు చొప్పున తోడేస్తే, నడివేసవిలో నా నర్సరీ దగ్గర ఏట్లో ఏం మిగులుతుంది?"

మావారు కాగితాలు తిరగెయ్యలేదు. "ఏమీ మిగలదండీ."

"కొంచెమైనా?" అన్నాడు అధ్యక్షుడు.

"తడి ఉంటుంది."

పెన్ను మళ్లీ జేబులోకి వెళ్లింది. సాయంత్రం దాకా వాదించుకున్నారు. చివరకు వేసవిలో కంపెనీ ఏటిని ముట్టుకోకూడదనీ, కావలసిన నీళ్లు వానాకాలంలోనే చెరువు తవ్వి నింపుకోవాలనీ షరతు పెట్టి అనుమతి ఇచ్చారు.

"ఇరవై మూడే ఉండనిస్తే వాళ్లు అసలు వచ్చేవాళ్లే కాదు," అన్నారు వదినగారు మెట్లు దిగుతూ.

"వచ్చేవాళ్లే. ఇంకో ఇంజనీరు చేత సరిచేయించుకుని వచ్చేవాళ్లు. అతను రెండనేవాడు."

ఆవిడ నావైపు తిరిగి, "వీడికి మందు వేశావా?" అని అడిగారు. వేశానన్నాను. "అయితే కారెక్కండి. మొక్కలకి నీళ్లు పెట్టి, మిమ్మల్ని ఇంటి దగ్గర దింపుతాను."

నర్సరీలో మావారిని స్టూలు మీద కూర్చోబెట్టి ఆవిడ ఏటి మోటారు వేశారు. అది కాసేపు ఉత్తి గాలి లాగి, తర్వాత నీళ్లెత్తింది.