ఫారంలో చెల్లెలు

పేషెంటుకు తోడుండే అటెండర్ పేరు రాస్తే గానీ ఆపరేషన్‌కు తేదీ ఇవ్వమన్నారు కౌంటర్లో. ఉమాశ్రీ పెన్ను పట్టుకుని బిక్కమొహం వేసింది. రాయదుర్గం ఆఫీసులో ఆమె కింద నలభై మంది పనిచేస్తారు. ఆ గడి నింపడానికి మాత్రం ఒక్క పేరూ తట్టలేదు. చివరికి వంటమనిషి కనకలక్ష్మి పేరు, నంబరు రాసి, సంబంధం అన్నచోట చెల్లెలని పెట్టేసింది. రాశాక సిగ్గేసింది.

గర్భసంచిలో క్యాన్సర్. అది పక్కకి పాకిందా లేదా అన్నదే తేలాలి.

"గర్భసంచి తీసేటప్పుడు ఆకుపచ్చ రంగు మందు ఎక్కిస్తామండి," అంది డాక్టర్ కిరణ్మయి. "పాకితే ముందుగా ఏ గ్రంథుల్లోకి వెళ్తుందో అవి కెమెరాలో వెలుగుతాయి. వాటినే తీసి పరీక్షకు పంపుతాం. ఏ పక్కనైనా వెలగకపోతే ఆ పక్కవన్నీ తీసెయ్యాలి. తర్వాత కాలు వాచే ప్రమాదం ఉంటుంది."

ఆపరేషన్ అయ్యి మెలకువ వచ్చేసరికి మంచం పక్కన కనకలక్ష్మి ఉంది. మూడిళ్ల వంట మానుకుని వచ్చింది పాపం.

"గ్రంథులు దొరికాయటా?"

"దొరికినయమ్మా. నన్ను పిలిచి ట్రేల చూపెట్టిన్రు. రెండు దిక్కుల ఒక్కొక్కటే. చిక్కుడు గింజంత గూడ లెవ్వు. నాకైతే కండ్లు తిరిగినయ్."

"చూడనని అనాల్సింది."

"చెల్లెనని రాసినవంట గద. చూడనంటే ఏమనుకుంటరు?"

ఉమాశ్రీ మొహం గోడవైపు తిప్పుకుంది.

రిపోర్టుకు పది రోజులన్నారు. తెల్లాపూర్‌లో పన్నెండో అంతస్తు ఫ్లాట్. పొద్దున ఏడింటికి కనకలక్ష్మి వస్తుంది, నలభై నిమిషాల్లో వెళ్లిపోతుంది. ఆ తర్వాత మనిషి గొంతంటూ వినపడితే అది డెలివరీ వచ్చిందని ఇంటర్‌కమ్‌లో చెప్పే సెక్యూరిటీదే. ఆఫీసులో వైరల్ ఫీవరని చెప్పింది కనుక వాట్సాప్ గ్రూపులో పువ్వుల బొమ్మలు పడ్డాయి. ఒంటరిగా ఉండటం ఆమెకు అలవాటే. ఒంటరిగా భయపడటమే చేతకాలేదు.

పదో రోజు మధ్యాహ్నం, వేళకాని వేళ బెల్ మోగింది. చూస్తే కనకలక్ష్మి, చేతుల నిండా గోధుమపిండి. ఆస్పత్రివాళ్లు ఫారంలో ఉన్న నంబరుకే ఫోన్ చేశారట.

"రెండిట్ల ఏం లేదంట. యాడికీ పాకలేదంట అక్కా!"

ఉమాశ్రీ గడప మీదే భోరుమంది. కనకలక్ష్మి పిండి అంటకుండా మోచేతులతోనే ఆమెను దగ్గరకు తీసుకుంది.

"ఏడ్వకు. నాలుగో అంతస్తుల పెనం పొయ్యి మీదనే ఉంది, పోతున్న ఇగ."

కాసేపు కూర్చోవే అందామనుకునేలోపు లిఫ్టు తలుపులు మూసుకున్నాయి. రేపు ఏడింటికి గానీ మళ్లీ రాదు. ఉమాశ్రీ తలుపు వెయ్యకుండా చాలాసేపు అక్కడే నిలబడింది.