ముందు గదిలో సముద్రం

నేను ఒక గాజు తొట్టిని. ఆరడుగుల పొడవు, రెండడుగుల లోతు. తొట్టి కాక ముందు చీరాలలో ఒక బట్టల కొట్టుకి ముందు అద్దాన్ని. నా వెనక పట్టుచీరలు కట్టిన బొమ్మలు నిలబడేవి. రోడ్డున పోయే ఆడవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. నన్నే చూస్తున్నారని చాలాకాలం అనుకున్నాను. గాజుని ఎవరూ చూడరని, గాజులోంచి చూస్తారని తెలియడానికి కొన్నేళ్ళు పట్టింది. తుడిచే మనిషి ఒక్కడే నన్ను చూసేవాడు. అదీ మరక ఉంటేనే.

కొట్టు వెడల్పు చేసేటప్పుడు నన్ను ఊడదీసి గోడకి ఆనించారు. గాజు పని చేసే మస్తాన్ తీసుకెళ్ళి, గీసి, విరిచి, అయిదు ముక్కలు చేశాడు. ముక్కల్ని జిగురుతో అతికించి, మూడు రోజులు ఆరనిచ్చి, "ఇంక ఇందులో ఏం పోసినా నిలబడుద్ది" అన్నాడు. నీళ్ళనే కాదు, ఒక మనిషిని కూడా నేను నిలబెట్టాలని అతనికి తెలియదు.

ఆ మనిషి జాలయ్య. ఒడ్డు ఊరు వాడు. నలభై ఏళ్ళు బోటు మీద వేట చేశాడు. కిందటి చలికాలం వల లాగుతూ బోటులోనే పడిపోయాడు. డాక్టరు గుండెలో స్టెంటనే స్ప్రింగు వేసి, సముద్రం మీదికి ఇంక వెళ్ళొద్దన్నాడు. మళ్ళీ నొప్పి వస్తే ఒడ్డుకి చేర్చేలోపే అయిపోతుందని అతని భార్య తిరుపతమ్మకి విడిగా చెప్పాడు.

జాలయ్యకి ఒడ్డున ఉండటం చేతకాదు. అరుగు నుంచి గేటుకి, గేటు నుంచి అరుగుకి తిరుగుతాడు. కూర్చుంటే కాలు ఆడుతుంది. అలాంటివాడు డాక్టరు గారి వరండాలో చేపల తొట్టి ముందు రెండు గంటలు కదలకుండా కూర్చోవడం తిరుపతమ్మ కళ్ళబడింది.

"మనింట్లోనూ ఒకటి పెట్టుకుందామా?" అంది.

"అయ్యి మంచినీళ్ళ చేపలే. కాలవలో తువ్వాలుతో పట్టే రకం. పెడితే సముద్రమే పెట్టాల."

అలా శివరాత్రికి ముందు నేను వాళ్ళ ముందు గదిలోకి వచ్చాను.

మొదటి రోజు సగం నింపేసరికే కింద బల్ల వంగింది. నీళ్ళకి బరువుంటుందని నలభై ఏళ్ళు నీళ్ళ మీద బతికినవాడికి తట్టలేదు. బోటు కింద ఉన్నప్పుడు అవి బరువు మోసేవే గాని, బరువయ్యేవి కావు. నన్ను ఖాళీ చేసి, సిమెంటు ఇటుకల మీద కడప బండ వేసి మళ్ళీ ఎక్కించారు. రెండోసారి నింపితే ఎడమ మూల కారింది. మస్తాన్ వచ్చి మళ్ళీ జిగురు పెట్టాడు. మూడోసారి నీళ్ళు నిలిచాయి. అప్పుడు జాలయ్య ఒడ్డు నుంచి ఇసక తెచ్చి, కడక్కుండానే పోశాడు. అందులో ఏమేం బతుకుతున్నాయో నాకు ఆ రాత్రికే తెలిసింది. వారానికి అవన్నీ చచ్చి, నీళ్ళు గంజిలా తెల్లబడి, గది కంపు కొట్టింది.

"సముద్రం తెస్తానన్నావు, ఎండుచేపల పాక తెచ్చావు" అంది తిరుపతమ్మ.

చేపలు తెప్పించి ఇచ్చే కొట్టతను చూసి, ఇసక కడిగి, కొత్త నీళ్ళు పోసి, మోటారు తిప్పుతూ నెలకి పైగా ఊరికే ఉంచమన్నాడు. చేపలు బతకాలంటే ముందు నీళ్ళు పండాలన్నాడు.

"పండటానికి అదేవన్నా మామిడికాయా?" అన్నాడు జాలయ్య. అన్నా, ఉంచాడు. వల వేసి ఎదురుచూడటం అతనికి తెలుసు. నీటి కోసం ఎదురుచూడటం అదే మొదలు. రోజుకి ఇరవైసార్లు వచ్చి, ముక్కు నాకు ఆనించి, ఏమీ లేని నీళ్ళలోకి చూసి వెళ్ళేవాడు. నాకూ కుదురు లేదు. మోటారు ఒక పక్క తోస్తుంది, గొట్టం ఒక పక్క పోస్తుంది. అద్దంగా ఉన్నప్పుడు నిలబడితే సరిపోయేది. ఇప్పుడు నా కడుపులో ఎప్పుడూ ఏదో తిరుగుతూనే ఉంటుంది.

ఏప్రిల్ నడిమికి వేట నిషేధం వచ్చింది. రెండు నెలలు బోట్లు కదలకూడదు. సరిగ్గా ఆ వారమే నాలోకి చేపలు వచ్చాయి. అయిదు. రెండు నీలం, ఒకటి పసుపు, తెల్ల పట్టీలున్న నారింజ రంగు జత ఒకటి. వాటిని వదిలాక జాలయ్య భార్యతో అన్నాడు.

"నిషేధం తీసేసే రోజుకి వీటిల్లో ఒక్కటి బతికున్నా నేను ఒడ్డునే ఉంటా. అన్నీ పోతే బోటెక్కుతా. ఇంక నువ్వు అడ్డం రాకూడదు."

తిరుపతమ్మ చేపల వంక చూసింది. వేలెడు లేవు. "సరే" అంది. ఆ తర్వాత తొట్టిలో వేలు పెట్టబోయింది. జాలయ్య చెయ్యి పట్టుకున్నాడు.

"బోటు మీద ఆడమనిషి చెయ్యి పడకూడదు. ఇదీ అంతే."

ఎండలు ముదిరాయి. నీళ్ళు వేడెక్కుతుంటే జాలయ్య నా మీదికి ఫ్యాను తిప్పి పెట్టాడు. చల్లబడ్డాయి. కాని రోజూ నీటి మట్టం దిగిపోయేది. అతను పొద్దున్నే బిందెలు తీసుకుని ఒడ్డుకి పోయి, సముద్రపు నీళ్ళు తెచ్చి, తగ్గినంతా నింపేవాడు. తగ్గింది సముద్రం, పోసేదీ సముద్రమే. అందులో తప్పేముందని అతని లెక్క. ఉప్పు చూసే ముల్లున్న చిన్న పెట్టె ఒకటి కొట్టతను ఇచ్చాడు. దాన్ని క్యాలెండరు మేకుకి తగిలించాడు. "సముద్రం ఎట్టుంటదో నాకు ప్లాస్టిక్కు ముక్క చెప్పాలా?" అని, వేలు ముంచి నాలిక మీద వేసుకునేవాడు. "సరిపోయింది" అనేవాడు.

ఆ నాలిక సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఎండుచేపలు తినీ తినీ దానికి ఉప్పు తెలియదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ తిరుపతమ్మ కూర రెండు గిన్నెల్లో వండుతోంది, ఉప్పెక్కువది అతనికి.

మూడో వారంలో నీలం చేప ఒకటి పక్కకి ఒరిగింది. నాలుగు రోజులకి రెండోది. తర్వాత పసుపుది నీటి పైకి వచ్చి నోరు తెరుస్తూ మూస్తూ ఒక పగలంతా ఉండి, ఆగిపోయింది. జాలయ్య దాన్ని అరచేతిలో పెట్టుకుని వరండాలోకి వెళ్ళాడు. అతను జీవితంలో చంపిన చేపలు లారీలకెక్కుతాయి. ఈ ఒక్కదాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక వరండాలో అటూ ఇటూ తిరిగాడు. నారింజ జత ఒక మూల నక్కి ఉంది. నిషేధం ఇంకా నెల పైన ఉంది. ఆ సాయంత్రం అతను బోటు వాళ్ళతో ఫోనులో వలల గురించి మాట్లాడాడు. తిరుపతమ్మ వంటింట్లోంచి విన్నది.

మర్నాడు అతను ఒడ్డుకి పోగానే ఆమె నా ముందుకి వచ్చింది. చేపల్ని చూడలేదు. నన్ను చూసింది. నా పై అంచున తెల్లటి పొర పేరుకుని ఉంది. గోటితో గీకి, నాలిక మీద పెట్టుకుంది. తిరుపతమ్మ పుట్టిల్లు చినగంజాం. తండ్రి ఉప్పు మడుల్లో పనివాడు. మడి అంచున ఈ పొర కట్టిందంటే నీరు ముదిరిందని, ఉప్పు దిగబోతోందని ఆమె నడక నేర్చినప్పుడే చూసింది. మేకు మీద పెట్టె తీసి నీళ్ళలో ముంచింది. ముల్లు పచ్చ గీత దాటి, ఎరుపు కూడా దాటి పోయింది.

జాలయ్య రాగానే చెప్పింది.

"ఉప్పెక్కువయింది. ఎండ మంచినీళ్ళే తాగుద్దయ్యా. ఉప్పు తాగదు. నువ్వు రోజూ ఉప్పు మీద ఉప్పు పోస్తన్నావు. ఇది తొట్టి కాదు, మా నాయన మడి."

అతను వేలు ముంచి నాలిక మీద వేసుకున్నాడు. "సరిపోయింది" అన్నాడు.

 మర్నాటి నుంచి అతను ఒడ్డుకి పోయిన వెంటనే ఆమె చెంబుతో నా నీళ్ళు తోడి, పెరట్లో పారబోసి, తోడిందీ ఎండిందీ కలిపి ఆ మేరకి తాగే నీళ్ళ క్యాను వంచేది. ఒక్కసారిగా కాదు. ఇవాళ కొంచెం, రేపు కొంచెం. చేతి గాజులు నా అంచుకి తగిలి చప్పుడు కాకుండా మోచేతి పైకి తోసుకునేది. నాలో దొంగతనంగా జరిగిన మంచి పని అదొక్కటే.

జాలయ్య బిందెలతో వచ్చి చూసేవాడు. "ఇవాళ తగ్గలేదే."

"గాలి తడిగా ఉంది."

"క్యాన్లు రెండేసి వస్తన్నయి. ఎవురు తాగుతున్నారు?"

"నేనే. నీ గిన్నెలో కూర తిన్నా."

ముల్లు రోజుకొక వెంట్రుకవాసి వెనక్కి వచ్చింది. నారింజ జత మూల వదిలి బయటికి వచ్చింది. జాలయ్య అది తన చేతి చలవని పక్కింటివాళ్ళకి చెప్పాడు. చివరి రెండు రోజులు మాత్రం ఇల్లు కదల్లేదు. నన్నూ, బోటు వాళ్ళ ఫోనునీ చూస్తూ కూర్చున్నాడు. నా నీళ్ళు నాలుగు వేళ్ళు దిగాయి. తిరుపతమ్మ క్యాను దగ్గరికి వెళ్ళడం, వెనక్కి రావడం. ఆమె కూడా అతనిలాగే తిరగడం మొదలుపెట్టింది.

నిషేధం తీరిన రోజు తెల్లవారుతుండగానే ఇంజన్లు మొదలయ్యాయి. ఆ చప్పుడు బండలోంచి నాలోకి పాకి నీళ్ళు వణికాయి. గేటు దగ్గర అతని బోటులో పనిచేసిన పాత కళాసీ పోతురాజు నిలబడ్డాడు.

"జాలయ్య మావా, వస్తన్నావా? వల ఎక్కించాం."

జాలయ్య చొక్కా తొడుక్కుని ఉన్నాడు. నా ముందు వంగి చేపల్ని లెక్కపెట్టాడు. రెండే, అయినా రెండుసార్లు లెక్కపెట్టాడు. తిరుపతమ్మ తలుపు పట్టుకుని నిలబడింది. అతను పెరట్లోకి వెళ్ళాడు. ఆ దారినే ఒడ్డుకి అడ్డదారి ఉంది. ఆమె కళ్ళు మూసుకుంది.

కాసేపటికి నీళ్ళ క్యాను భుజాన పెట్టుకుని తిరిగొచ్చాడు. ఆమె పరుగున వచ్చి కింద చెయ్యి వేసింది.

"బరువులెత్తొద్దన్నాడుగా డాక్టరు."

"అందుకే నువ్వు పొయ్యి. నాలుగు వేళ్ళు దిగినయి. కనపడేట్టే పొయ్యి." క్యాను ఆమెకి వదిలి అన్నాడు. "తోడిన నీళ్ళు మటుకు కరేపాకు చెట్టుకి పొయ్యమాక. మొదలంతా తెల్లగా ఉప్పు కట్టి చచ్చింది. పది రోజులయింది నేను చూసి."

తిరుపతమ్మ చేతిలో క్యాను ఒలికింది. పోతురాజు గేటు దగ్గర కాసేపు చూసి వెళ్ళిపోయాడు. ఆమె నీళ్ళు పోసింది. ఈసారి గాజులు పైకి తోసుకోలేదు. నా అంచుకి తగిలి గలగలమన్నాయి.

జాలయ్య కుర్చీ లాక్కుని నా ముందు కూర్చున్నాడు. తువ్వాలు కొస తడిపి నా అంచున కట్టిన తెల్ల పొర తుడిచాడు. నాలోంచి పోకుండా అతని చూపు నా మీద ఆగడం అదే మొదటిసారి. బయట ఇంజన్ల చప్పుడు ఒక్కొక్కటే దూరమైంది. అతను లేవలేదు. కాలు మాత్రం ఆ చప్పుడుకి ఆడుతూనే ఉంది.