ఎర్ర గీత కింది అంకె

పెన్సిల్ చెక్కి, మొన మీది పొడి ఊది, వాతావరణ ఆఫీసులో పటాల గుమాస్తా తొమ్మిది గంటల లెక్కలను సముద్రపటం మీదికి ఎక్కించడం మొదలుపెట్టాడు. ఏ ఓడ ఎక్కడుందో అక్కడ చిన్న సున్నా చుట్టి, అది పంపిన గాలి వేగం, వాయుపీడనం చీమతలంత అంకెల్లో పక్కన వేయాలి. ఇరవయ్యారేళ్ళుగా ఇదే పని. మధ్యవేలు కాయ కాసింది, మెడ కాస్త కుడికి ఒరిగిపోయింది. ఈ బల్ల మీద ఎన్ని తుఫాన్లు పుట్టి పోయాయో చెప్పలేం గాని, మనిషి మాత్రం రేవు దాటించే పడవ ఎక్కినా కళ్ళు తిరిగి కూలబడే రకం.

"తడవకుండా తుఫాన్లు పెంచుతావు అన్నయ్యా నువ్వు" అని తమ్ముడు ఏడిపించేవాడు.

తమ్ముడు సరుకుల ఓడలో చిన్న అధికారి. బారోమీటరు చూసి లెక్కలు పంపే పనీ వాడిదే. అది చదవడం నేర్పింది అన్నే. ఉత్తరాలు రాసుకునే అలవాటు లేని ఆ ఇద్దరికీ, ఆరు గంటలకోసారి వచ్చే ఆ అంకెలే క్షేమసమాచారాలు.

నిన్న సాయంత్రం నుంచి వాడి అంకె రాలేదు.

"యాంటెన్నా విరిగుంటుంది సార్" అంది వైర్‌లెస్ ఆపరేటర్, కొత్త కాగితాలు బల్ల మీద పెడుతూ. "అంత గాలికి విరగదా మరి?"

"విరిగే ఉంటుంది" అన్నాడు, తల ఎత్తకుండా.

ఈ తుఫాను ఆదివారం, ఏ తీరానికీ దగ్గర కాని చోట, వెచ్చటి నీళ్ళ మీద పుట్టింది. సోమవారానికల్లా గిర్రున తిరగడం పట్టింది. నిన్న నడుమ కన్ను తెరిచి, ఇక పట్టపగ్గాల్లేకుండా చెలరేగింది. ఇవాళ చన్నీళ్ళ మీదికి వెళ్ళాక కింద వేడి అందక, పైన ఎదురుగాలి కోసేస్తుంటే నీరసించిపోతోంది. ఏ ఊరినీ తాకకుండా పోతోంది కదా అని ఆఫీసంతా ఊపిరి పీల్చుకుంది. అతని పొద్దుటి టీ మాత్రం బల్ల మీద అలాగే చల్లారిపోయింది.

దాన్ని అందరికంటే ముందు చూసింది తమ్ముడే. ఆదివారం పొద్దున పీడనం 998 అని పంపాడు, తుఫాను పుట్టేటప్పుడు పడే అంకె అది. చుట్టుపక్కల ఓడలన్నీ వెయ్యి తొమ్మిది, వెయ్యి పది అంటున్నాయి. ఇరుగుపొరుగుతో పొసగని ఒంటరి అంకెను ఎర్ర పెన్సిల్‌తో కొట్టేయాలన్నది ఆఫీసు రూలు. పైగా వాడు చిన్నప్పటి నుంచీ గోరంతను కొండంత చేసేవాడే. ఒళ్ళు కాస్త వెచ్చబడితే నూటమూడు జ్వరమనేవాడు. 'వీడొకడు' అని నవ్వుకుంటూ ఎర్ర గీతతో ఆ అంకె కొట్టేశాడు. ఆ నవ్వే ఇప్పుడు అతన్ని తినేస్తోంది. సాయంత్రం మరో రెండు ఓడలు అదే మాట చెప్పాక గాని హెచ్చరిక వెళ్ళలేదు. అప్పటికే, ఏ హెచ్చరికా అందని తమ్ముడి ఓడ తుఫాను దారిలోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఓడను ఎటు తిప్పినా తుఫాను వెంటబడుతూనే వచ్చింది.

మధ్యాహ్నం మరదలు ఫోన్ చేసింది.

"బావగారూ, ఏమన్నా తెలిసిందా?"

"తుఫాను తగ్గిపోతోందమ్మా. రాత్రికి ఉండదు."

"నేనడిగింది తుఫాను గురించి కాదు బావగారూ."

ఆమె ఫోన్ పెట్టేసింది. అతను బల్ల దగ్గరికి వచ్చి ఆదివారం పటం తీసి, ఎర్ర గీతను రబ్బరుతో రుద్దాడు. కాగితం పలచబడింది గాని గీత పోలేదు.

అయిదింటికి ఆఫీసరు ముగింపు నివేదిక తెచ్చాడు. 'తుఫాను బలహీనపడి అల్పపీడనంగా మారినది. ప్రాణనష్టం లేదు.'

"ఆ చివరి మాట రేపటిదాకా ఆపండి సార్."

ఆయన కళ్ళజోడు తీశాడు. "చూడవయ్యా, ఆదివారం ఈ కుర్చీలో నేనున్నా కొట్టేసేవాణ్ణే. రూలు అదే కదా."

చెడామడా తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

ఆపరేటర్ మళ్ళీ వచ్చింది. ఈసారి కాగితం బల్ల మీద పెట్టలేదు, చేతికిచ్చింది. నూనె ఓడ ఒకటి పంపిన లెక్కలు. గాలి తక్కువ, పీడనం 1006, సముద్రం ప్రశాంతం. అడుగున ఒక వాక్యం: నారింజరంగు లైఫ్‌బోటు, ఖాళీగా, బోర్లాపడి తేలుతోంది. దాని మీద రాసి ఉన్నది తమ్ముడి ఓడ పేరు.

అతను పెన్సిల్ తీసుకుని ఆ చోట సున్నా చుట్టాడు. పక్కన 1006 వేశాడు. ఆ చేతికి తెలిసిన పని అదొక్కటే. ఆఫీసరు వంగి తన నివేదికలో చివరి రెండు మాటలూ కొట్టేశాడు.

మూలనున్న ఫోన్ మోగింది. ఎవరో ముగ్గురికీ తెలుసు. ఎవరూ కదలకపోయేసరికి అతనే లేచి, నీళ్ళలో నడుస్తున్నట్టు అటు వెళ్ళాడు.

బల్ల మీద ఆదివారం పటం విప్పే ఉంది. రుద్ది రుద్ది పలచబడిన కాగితం మీద, ఎర్ర గీత కింద, 998 ఇంకా స్పష్టంగా కనిపిస్తోంది.