బుడగ రాని నురగ

నేను ఒక తెల్ల సిలిండర్‌ని. పాత ఫ్రిజ్‌లకు చల్లదనమిచ్చే గ్యాసు నా కడుపులో ఉండేది. మండదు, వాసన రాదు, విషం కాదు. ఇంత సాధువైన గ్యాసు మరొకటి లేదని మనుషులు మురిసిపోయారు. అది మెల్లగా పైకెక్కి, సూర్యుడి తీవ్ర కిరణాలను అడ్డుకునే ఓజోన్ పొరను తినేస్తోందని తెలిశాక దాని తయారీయే ఆపేశారు.

అప్పటికి నేను గుంటూరులో ఫ్రిజ్ మెకానిక్ బసవయ్య కొట్లో ఉన్నాను. లీకు పట్టడంలో ఆయనకు పేరు. గొట్టం మీద సబ్బు నురగ రాసి, బుడగ ఎక్కడ లేస్తుందా అని ఊపిరి బిగబట్టి చూసేవాడు. కొత్త ఫ్రిజ్‌లకు నేను పనికిరాక మూలన పడ్డాను.

కొట్టు ఖాళీ చేసే రోజొచ్చింది. పాత ఇనుము కొనే రత్తమ్మ నన్ను కాలితో తట్టింది.

"నిండు బుడ్డి నేను తీసుకోను బాబాయ్. మూత తిప్పి, గాలికి వదిలేసి పట్రా."

"వదలకూడని గ్యాసమ్మా ఇది. ఓజోన్ పొరకు చిల్లు పెడుద్ది."

"ఆ చిల్లు గుంటూరు మీద ఉందా ఏంది?"

బసవయ్య భాగస్తుడు జిలానీ నవ్వాడు. "తిప్పరా. సాయంత్రానికి తాళాలియ్యాలి."

బసవయ్య నన్ను వీధిలోకి దొర్లించి, బయట పెట్టిన సామాన్ల పక్కన నిలబెట్టాడు. ఒకసారి వదిలితే మళ్లీ పట్టుకునే ఉపాయం ఎవరి దగ్గరా లేదు. వాల్వు కొంచెం తిప్పాడు. సుయ్‌మంది. ఆ చప్పుడు చెవిన పడగానే ఆయన రెండో చెయ్యి దానంతటదే సామాన్లలోని సబ్బు నీళ్ల మగ్గులోకి పోయింది.

"ఏందిరా, నువ్వే తెరిచి నువ్వే లీకు వెతుకుతున్నావా?" అన్నాడు జిలానీ.

బసవయ్య నురగ అంటిన వేళ్లను చూసుకున్నాడు. వాల్వు బిగించేశాడు.

"నా చేత్తో నేను లీకు పెట్టలేనురా. స్కూటర్ తియ్."

పాత గ్యాసు పోగుచేసి, భట్టీలో మహా వేడికి నాశనం చేయడానికి పంపే కేంద్రం విజయవాడలో ఉంది. జిలానీ సణుగుతూనే బండి నడిపాడు. వెనక బసవయ్య నన్ను చంటిబిడ్డలా పొదివి పట్టుకున్నాడు. అప్పగించే ముందు నా వాల్వుకు మళ్లీ నురగ రాసి, వంగి చూశాడు. బుడగ రాలేదు. అప్పుడు గాని చెయ్యి తీయలేదు.

ఇప్పుడు నేను నిజంగానే ఖాళీ. పాత ఇనుము గుట్ట మీద పడున్నాను. మెడ చుట్టూ ఎండిన సబ్బు చార ఇంకా ఉంది. పైన ఎండ కాస్తోంది. మామూలు ఎండే.