దింపుడు కల్లం కాడ మూడో పిలుపు

మోత్కూర్ మల్లిక టాకీసుకు నిచ్చెన లేదు. పోస్టర్లంటించే గిరి ఉండంగ దాని అవసరం పడలేదు.

పొద్దుగాల్నే మైదా బంక ఉడకబెట్టి, బకెట్ చేతికి తగిలించుకొని, గోడ ముందట నిలవడి మనసుల ఏదన్న మంచి సంగతి తలుచుకునేటోడు. పాదాలు నేల విడిచేవి. జానెడు సంతోషానికి జానెడు, నిలువెడు సంతోషానికి నిలువెడు. కింద పోయేటోళ్లు "జర సూసుకోరా, నెత్తి మీద బంక పడతాంది" అని తిట్టి, తమ తొవ్వన తాము పోయేటోళ్లు.

రెండేండ్ల సంది ఆ మంచి సంగతి ఒక్కటే. టికెట్ కిటికీలకెళ్లి బయటికొచ్చే శ్రీవాణి చెయ్యి. ఆకుపచ్చ గాజులు, బొటనవేలికి సిరా మరక. అది తలుచుకుంటే చాలు, బస్టాండు గోడ పైఅంచు అందేది. ఆమె మాత్రం అతన్ని పేరు పెట్టి పిలిచిందే లేదు. "ఓ బంకాయనా, కిటికీకి అడ్డం జరుగు" అనేది. గిరికి అదే పాటలెక్క ఇనవడేది.

శుక్రవారం కామెడీ సినిమా దిగింది. మొదటి ఆటకు పదకొండు మంది. ఓనర్ రఘుపతి గిరిని పిలిచిండు.

"ఐతారం మ్యాట్నీ నిండాలె. నిండకపోతే సోమారం సంది ఇది పత్తి గోదాం. నువ్వు ఎంత ఎత్తు లేచినా గంతే."

"మరి శ్రీవాణి?" గిరి నోరు జారిండు.

"పట్నంల వాళ్లక్క కాడికి పోతదంట. నీకెందుకురా?"

ఆ రోజు పోస్టర్లన్నీ మోకాలెత్తులనే అంటినయి. మేకలు నమిలినయి.

ఆ సినిమాల ఒకడు, ఆస్తి కోసం కాచుకున్న చుట్టాల రంగు చూద్దామని, చచ్చినట్టు పండుకుంటడు. గిరికి అక్కడ ఆలోచన తట్టింది. క్యాంటీన్ల సమోసాలేసే అంజన్నను పక్కకు పిలిచిండు.

"మైకుల మొత్తుకుంటే ఎవ్వలు ఇంటలేరే. చావు డప్పు కొడితే ఇంట్లకెళ్లి ఉరికొస్తరు. నన్ను పాడె మీద తీస్కపోండ్రి. దింపుడు కల్లం కాడ దించి, పీనుగను పిలిచినట్టు నువ్వు చెవుల మూడుసార్లు పేరు పెట్టి పిలువు. మూడోసారికి నిలువెత్తు లేచి, నవ్వుకుంట సినిమా కాయితాలు ఎగజల్లుత."

"దింపుడు కల్లం ఆశ అంటె గిదేరా," అన్నడు అంజన్న. "ఇన్నేండ్ల సంది ఎందరిని పిలిచినం! ఒక్కడన్న లేచిండా?"

"నేను లేస్త గదనే. మోసేటోళ్లకు తప్ప ఎవ్వలకు చెప్పకు. చెప్తె నవ్వు రాదు."

ఐతారం పది గంటలకు నలుగురు ఆటో డ్రైవర్లు పాడె ఎత్తిండ్రు. డప్పులు మోగినయి. ముక్కుల దూది, అంగీ లోపట కాయితాల కట్ట. నవ్వు ఆపుకునుడే గిరికి కష్టమైతాంది.

బస్టాండు కాడ ఆకుకూరలమ్మే గుర్వమ్మ గొంతు ఇనవడ్డది.

"ఓ నా కొడుకా! గాలికి నా ఇంటి రేకులు లేచిపోతె పైకిలేసి కప్పితివి గదరా! నాకంటె ముందుగాల పోతివారా!"

షట్టర్లు దిగిన చప్పుడైంది. ఎనుక అడుగులు పెరిగినయి. "ఒక్కనాడు పోస్టర్ వంకర అంటియ్యలే పాపం," అన్నరెవరో. బతికుండంగ ఒక్కరూ అనని మాటలు. గిరికి సంతోషం కావాలె. గని ఒక్కో ఏడుపు ఒక్కో రాయిలెక్క రొమ్ము మీద పడ్డది.

"ఏం తిన్నవురా, గిట్ల బరువెక్కుతున్నవ్," అని ముందటి డ్రైవర్ గొణిగిండు.

దింపుడు కల్లం కాడ పాడె దించిండ్రు. అంజన్న చెవి కాడికి వంగిండు.

"గిరీ." కాసేపాగి, "గిరీ."

మూడో పిలుపు అంజన్నది కాదు. గాజుల చప్పుడైంది. ఇది ఉత్త ఆటేనని శ్రీవాణికి ఎవ్వలు చెప్పలేదు. టికెట్ కిటికీ కూడ మూయక ఉరికొచ్చింది.

"గిరీ, లెవ్వు," అన్నది.

ఆ ఒక్క మాటకు తాటిచెట్టంత లేవాలె. లేవలేదు. ఆమె కన్నీటి బొట్టు చెంప మీద పడ్డది. ఆ బరువుకు కింద వెదురు పటుక్కుమన్నది. ఏదో సన్నటిది, వెచ్చటిది అతని చెవిలకెళ్లి బయటికి, ఆమె దిక్కు పోయినట్టయింది.

గిరి అందరిలెక్క మోచేతులు ఆనిచ్చి లేచి కూసున్నడు. ముక్కులకెళ్లి దూది తీసి, "మ్యాట్నీ... రెండున్నరకు... మస్తు నవ్వుకోవచ్చు," అన్నడు.

ఎవ్వలు నవ్వలే. గుర్వమ్మ వచ్చి చెంప మీద ఒక్కటిచ్చింది. "చావుతోని పరాచికాలారా!" అని, మళ్ల ఆ చేత్తోనే తల నిమిరింది. శ్రీవాణి చున్నీతోని కండ్లు తుడుచుకొని, టాకీసు దిక్కు మర్లిపోయింది.

గిరి మరిచిన సంగతి ఒకటున్నది. చావు నిజమైనా అబద్ధమైనా, పాడె ఎనుక నడిచినోళ్లు తానం చేసి, దీపం చూసి ఇంట్ల కూసుంటరు గని సినిమాకు రారు. ఊరంత నడిచింది. ఊరంత తానం చేసింది. మ్యాట్నీకి అంజన్న ఒక్కడే, తడి తలకాయతోని కూసున్నడు. తెర మీద పీనుగ లేచినప్పుడు ఆయన కూడ నవ్వలే.

సోమారం పత్తి బోరాలు దిగినయి. కాళ్లు నేలను గట్టిగ పట్టుకుంటున్నయని రఘుపతి గిరిని హమాలీగ పెట్టుకున్నడు. ఎంత మంచి సంగతి తలుచుకున్నా ఇప్పుడు గిరికి మడిమ కూడ లేస్తలేదు.

బోరెం భుజాన ఉండంగనే, ఎదురుంగ బస్టాండుల పట్నం బస్సు ఎక్కుతున్న శ్రీవాణి కనవడ్డది. ఆమె పాదం మెట్టు మీద ఆనలే. చెప్పుకు, మెట్టుకు నడుమ జానెడు సందు.

"గట్టిగ పట్టుకోవమ్మా, బ్రేకేస్తె ముంగటికి కొట్టుకపోతవ్," అన్నడు కండక్టర్.

శ్రీవాణి కిందికి చూసుకున్నది. నోటికి చెయ్యడ్డం పెట్టుకొని నవ్వింది. కామెడీ సినిమా దిగిన ఆ నాలుగు రోజులల్ల మోత్కూర్‌ల నవ్విన మనిషి ఆమె ఒక్కతే.

"పట్నంల బట్టల దుకాణంల కొలువంట. పొద్దంత నిలవడుడేనంట," అన్నడు అంజన్న, కదిలిపోతున్న బస్సు దిక్కు చూసుకుంట. "ఇగ పిల్లకు కాళ్లు నొవ్వయి."