యేసుకుమార్ మునిగిన ఆదివారం

ఆటోనగర్‌లో లారీ కమాన్లు, అంటే బరువు మోసే ఇనప పట్టీలు, కట్టేవాళ్లకు కొదవ లేదు గానీ, యేసుకుమార్ అంత పనిమంతుడూ లేడు, అంత నోటి దురుసు మనిషీ లేడు. ఆరడుగుల ఎత్తు, దానికి తగ్గ ఒళ్లు. సుత్తి ఎత్తాడంటే షెడ్డు రేకులు అదిరేవి. నోరు విప్పాడంటే పక్క షెడ్డువాళ్లు రేడియోలో పాటలు ఆపేసి మరీ వినేవాళ్లు. కొందరు డ్రైవర్లయితే ఆ తిట్లు వినడానికే పనిగట్టుకుని గెలికేవాళ్లు. ఆ నోరే అతని కొంప ముంచుతోందని వాళ్లకేం తెలుసు.

సంగతేమిటంటే, యేసుకుమార్‌కి ఇంకా బాప్తిస్మం కాలేదు. పుట్టిందీ పెరిగిందీ బాప్టిస్టు సంఘంలోనే. వాళ్లలో పసిబిడ్డల నెత్తిన నీళ్లు చల్లరు. ఊహ తెలిశాక, తనంతట తాను అడిగిన మనిషిని కాలువలో నిలువునా ముంచి లేపుతారు. అలా మునిగినవాళ్లకే ప్రభువు బల్లలో, అంటే నెలకోసారి గుడిలో పంచే రొట్టె, ద్రాక్షరసంలో, చోటు. తోటివాళ్లంతా మీసాలు రాకముందే మునిగి ఒడ్డెక్కారు. ఇతను మాత్రం, ముందు నా నోరు బాగుపడనివ్వండి, ఆ తర్వాత దిగుతానన్నాడు. అన్నప్పుడు పెళ్లికాని కుర్రాడు. ఇప్పుడు యాభై దాటి తల నెరిసిపోయింది, నోరు మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది.

నెలలో మొదటి ఆదివారం వచ్చిందంటే అతనికి నరకమే. రొట్టె పళ్లెం వరసల్లోకి రాగానే లేచి బయటికి వెళ్లి మోటార్‌సైకిళ్లు సర్దేవాడు. అవి అప్పటికే సర్ది ఉండేవి. అయినా ఇటువి అటు, అటువి ఇటు పెట్టేవాడు. లోపల కూర్చుని, తాను ముట్టకుండా ఆ పళ్లెం పక్కవాడికి అందించడం కన్నా ఎండలో మాడటమే నయమనిపించేది. ఆ రొట్టెముక్క కోసం ఆ భారీ మనిషి ఎంత అలమటించాడో అతని భార్య సంపూర్ణకి తప్ప ఎవరికీ తెలియదు.

నోరు బాగుపడటానికి అతనే ఒక షరతు పెట్టుకున్నాడు. ఏడాది పొడవునా ఒక్క బూతు మాట రాకూడదు. అది నెగ్గితే కాలువలో దిగడం. ఎన్నిసార్లు మొదలుపెట్టాడో, అన్నిసార్లూ బోర్లాపడ్డాడు. ఒకసారి దసరా దాకా లాక్కొచ్చాక సుత్తి బొటనవేలి మీద పడింది. ఇంకోసారి పని మధ్యలో కరెంటు పోయింది. మరోసారి సాక్షాత్తూ గుడి మెట్ల మీదే, కొత్త చెప్పులు ఎవరో వేసుకుపోయారు.

కానీ ఈసారి పట్టు పట్టాడు. నిరుడు కాలువలకు నీళ్లు వదిలినప్పటి నుంచి నోరు కట్టేసుకున్నాడు. తిట్టు తన్నుకొచ్చిన ప్రతిచోటా "స్తోత్రం" అనడం అలవాటు చేసుకున్నాడు. ఆ స్తోత్రం అతను పళ్లు కొరుకుతూ అనే తీరు చూసి, ఇంతకన్నా తిట్టడమే మేలని షెడ్డు కుర్రాళ్లు హడలిపోయేవాళ్లు. మళ్లీ కాలువలకు నీళ్లొచ్చాయి. కంకిపాడు దగ్గర బందరు కాలువ రేవులో వచ్చే ఆదివారం బాప్తిస్మాలని ఫిలిప్ అయ్యగారు ప్రకటించారు. యేసుకుమార్ లేచి నిలబడి తన పేరు చెప్పాడు. సంఘమంతా వెనక్కి తిరిగి చూసింది. సంపూర్ణ ఆ సాయంత్రమే తెల్లబట్టలు కొనుక్కొచ్చి, చుట్టాలందరికీ ఫోన్లు చేసింది.

ఇంతలో ఇంకో బెంగ పట్టుకుంది. ఫిలిప్ అయ్యగారు ముప్పై ఏళ్ల కుర్ర పాస్టరు, మనిషి మునక్కాడలా ఉంటారు. ఈ శరీరాన్ని ముంచడం సరే, లేపేదెట్లా? ఒకవేళ జారవిడిస్తే? అందుకని యేసుకుమార్ బీరువా అద్దం ముందు రిహార్సలు మొదలుపెట్టాడు. మోకాళ్లు వంచడం, వెనక్కి వాలడం, తొడల బలం మీద తనే పైకి లేవడం. అయ్యగారు ఊరికే చెయ్యి వేస్తే చాలు, మిగతాది నేను చూసుకుంటానన్నాడు. సంపూర్ణ నవ్వలేక మంచం మీద కూలబడింది.

శనివారం మధ్యాహ్నం దాకా అంతా బాగానే ఉంది. అప్పుడొచ్చారు వెంకటసుబ్బారావు గారు. మైలవరం వైపు నుంచి కంకర తోలే లారీకి యజమాని, పెద్దాయన. అదే లారీ, అదే కమాను, రెండోసారి విరిగింది. మొయ్యాల్సిన దానికి రెట్టింపు ఎక్కిస్తే విరక్కుండా ఎలా ఉంటుందని యేసుకుమార్ ఎంతో మర్యాదగా చెప్పాడు. లారీని జాకీల మీదికి లేపి పనిలోకి దిగాడు. పక్కన నిలబడిన సుబ్బారావు గారు ఊరుకోవచ్చుగా. ఈ షెడ్డు మీ నాన్నగారు నడిపిన రోజుల్లో పనిలో నిజాయితీ ఉండేదని ఓ నిట్టూర్పు విడిచారు.

అంతే. స్తోత్రం నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. ఏడాదిగా మింగినవన్నీ ఒక్కసారే పైకొచ్చాయి. సుబ్బారావు గారికి, వారి లారీకి, కంకరకి, వంశానికి, ఎవరికీ తక్కువ కాకుండా పంచాడు. ఆ మాటలు ఇక్కడ రాయడం కుదరదు, అచ్చుకెక్కే సరుకు కాదు. పెద్దాయన మొహం చిన్నబోయింది. తువ్వాలు భుజాన వేసుకుని రోడ్డెక్కారు. ఆ మొహం చూశాక యేసుకుమార్ సుత్తి కింద పడేశాడు. లారీని జాకీల మీద అలాగే వదిలేసి, షట్టరు దించి తాళం వేసి, తిన్నగా పాస్టరు గారింటికి పోయాడు.

అయ్యగారు రేపటి కోసం తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నారు. తన పేరు తీసెయ్యమని, వచ్చే ఏడాది చూద్దామని యేసుకుమార్ గుమ్మంలోనే చెప్పేశాడు. ఏమైందని అడిగితే అంతా చెప్పాడు. దాచడం పాపమని తిట్లు కూడా ఒకటి రెండు అప్పజెప్పాడు. అయ్యగారికి దగ్గొచ్చింది. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, కుర్చీ చూపించారు.

"ఏడాది షరతు మీకెవరు పెట్టారండీ?"

"నేనే పెట్టుకున్నానండీ."

"మరి ప్రభువు పెట్టలేదుగా. మీరు బాగుపడి వెళ్తే ఇంక ఆయన రక్షించేదేముంది, మీరే రక్షించేసుకున్నారుగా. మనం తెచ్చినదానికి ఆయన కాస్త కలపడం కాదండీ కృపంటే. మొత్తం ఆయనదే."

యేసుకుమార్‌కి ఈ కృప అన్న మాట ఉయ్యాలలో ఉన్నప్పటి నుంచి చెవిన పడుతున్నదే. పాటల్లో పాడాడు, ప్రార్థనల్లో వాడాడు. కానీ ఎప్పుడూ అది మంచివాళ్లకిచ్చే బహుమతి అనుకున్నాడు. ఊరికే వస్తే దానికి విలువేముంటుందండీ అని వాదించాడు.

"ఊరికే మనకి," అన్నారు అయ్యగారు. "ఆయనకి ప్రాణం పోయింది. రేపు పొద్దున్నే వ్యాను దగ్గరికి వచ్చెయ్యండి."

కుర్రాడు, జాలిపడి అంటున్నాడు అనుకుంటూ యేసుకుమార్ ఉసూరుమంటూ ఇంటికొచ్చాడు. మర్నాడు వ్యాను ఎక్కాడు, నిజమే. నమ్మి ఎక్కలేదు. సంపూర్ణ తరఫు చుట్టాలంతా అప్పటికే బయల్దేరి ఉన్నారు, అందుకని ఎక్కాడు.

రేవులో నీళ్లు ఎర్రగా, నిండుగా పారుతున్నాయి. ఒడ్డున సంఘం పాట అందుకుంది. కాలేజీ పిల్లలు ఒక్కొక్కరే దిగి, మునిగి, వణుకుతూ ఎక్కారు. చివరికి యేసుకుమార్ దిగాడు. పక్కన అయ్యగారు ఇంకా సన్నగా కనబడ్డారు. నడుం దాకా నీళ్లొచ్చాక ఒడ్డు వైపు తిరిగాడు కదా, అక్కడ సంపూర్ణ పక్కనే తువ్వాలు భుజాన వేసుకుని వెంకటసుబ్బారావు గారు. పాపం లారీ కోసం పొద్దున్నే షెడ్డుకి వస్తే తాళం వేసి ఉంది. వాచ్‌మన్ ఇటు పంపించాడు.

యేసుకుమార్‌కి తల కొట్టేసినట్టయింది. నిన్న ఈ మనిషి వంశాన్నంతా కడిగి, ఇవాళ అతని కళ్ల ముందే తెల్లబట్టలేసుకుని పరిశుద్ధుడిలా నిలబడటమా? అయ్యగారు మెడ వెనక ఒక చెయ్యి వేసి, ఇంకో చేత్తో అతని చేతులు పట్టుకుని వెనక్కి వాల్చబోయారు. యేసుకుమార్ కదల్లేదు. మళ్లీ వాల్చారు. రాట పాతినట్టు నిలబడ్డాడు. ఒడ్డున పాట అయిపోయింది. ఏం చెయ్యాలో తెలియక మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నారు. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"కాళ్లు వదిలెయ్యండి," అన్నారు అయ్యగారు మెల్లగా.

"నేను బరువండీ. మీరు లేపలేరు. అదీగాక నేనేం మారలేదు, ఆ ఒడ్డున ఆయన్ని అడగండి."

"మారాక రమ్మని ఎవరూ అనలేదు. లేపడం మీ పని కాదండీ, వదిలెయ్యండి."

యేసుకుమార్ ఒడ్డు వైపే చూస్తున్నాడు. ఇక ఉండబట్టలేక నీళ్లలో నుంచే గొంతెత్తాడు. "సుబ్బారావు గారూ, నిన్న తప్పు మాట్లాడానండీ. క్షమించండి."

సుబ్బారావు గారికి ఈ తంతు ఏమిటో సరిగా అర్థం కాలేదు గానీ, ఇంత మనిషి భయపడుతున్నాడని మాత్రం అర్థమైంది. రెండు మెట్లు కిందికి దిగి, చిన్నపిల్లాడికి ధైర్యం చెప్పినట్టు చెప్పారు. "ఆ సంగతి నేను నిన్ననే వదిలేశాను లెండి. భయపడకండి యేసుకుమార్ గారూ. నీళ్లల్లో మనిషి బరువు తెలీదు. ఆ బాబు పట్టుకున్నాడుగా."

గారూ అన్నాడు. అన్ని తిట్లు తిన్న మనిషి గారూ అన్నాడు. యేసుకుమార్‌కి కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి. కాళ్లు వదిలేశాడు. వెనక్కి పడిపోయాడు. బీరువా ముందు నేర్చుకున్నదేదీ గుర్తు రాలేదు. పైనేదో కిందేదో తెలియలేదు, కాళ్లకి నేల తగల్లేదు. చెయ్యడానికి అతని దగ్గర ఏ బలమూ లేదు. మెడ కింద ఒక బక్కచెయ్యి మాత్రం ఉంది. ఆ చెయ్యే అతన్ని పైకి తెచ్చింది, ఇంత గడ్డి మోపుని తేల్చినంత తేలిగ్గా.

పైకి రాగానే ముక్కుల్లో నీళ్లు జివ్వుమన్నాయి. నోరు తెరిచాడు. ఆటోనగర్ మొత్తంలోకీ నాటైన బూతు మాట ఒకటి, స్పష్టంగా, కాలువ రెండు గట్లకీ వినపడేట్టు బయటికొచ్చింది.

పాట ఆగిపోయింది. సంపూర్ణ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. యేసుకుమార్ అయ్యగారి చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"మళ్లీ ముంచండి అయ్యగారూ. ఇది చెల్లదు."

అయ్యగారు తడిసి ముద్దయి, నవ్వు ఆపుకోలేక ఊగిపోతున్నారు. "రెండోసారి ఉండదండీ. అయిపోయింది."

"ఇప్పుడే కదండీ తిట్టాను."

"విన్నాను. ప్రభువూ విన్నాడు. తిడతారని తెలిసే లేపాడు."

యేసుకుమార్ ఇంకేం చెయ్యాలా అని వెతికాడు, చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. ఆ సంగతి తలకెక్కేసరికి, అంత మనిషీ నడుంలోతు నీళ్లలో బావురుమని ఏడ్చాడు. ఏడుస్తూనే నవ్వడం మొదలుపెట్టాడు. ఎంతసేపటికీ ఆ నవ్వు ఆగకపోతే, చివరికి సంపూర్ణే చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, తువ్వాలుతో నీళ్లలోకి దిగింది.